షెడ్డులో పాత బండి



పాతకాలపు తీరు మోటారుసైకిలును ఇంటి దగ్గరే, సొంత షెడ్డులో తయారుచేసుకోవడం ఇప్పుడు మన కుర్రకారులో బాగా పెరిగిన సరదా. కుర్రకారే ఏమిటి, రిటైరైన బ్యాంకు ఆఫీసర్లు కూడా చేతికి గ్రీజు అంటించుకుంటున్నారు. దీని గురించి మాట్లాడటానికి రేడియోను మించిన చోటు లేదని నా ఉద్దేశం. ఇక్కడ ఫొటో చూపించడం కుదరదు మరి. ఈ పనిలో దిగేవాళ్ళు చాలామంది ఫొటో చూసి దిగుతారు, ఫొటో తీసుకోవడంతో ఆగిపోతారు. గుండ్రటి హెడ్‌లైటు, బొద్దుగా ఉండే ట్యాంకు, తేనెరంగు తోలు సీటు, పొట్టి మడ్‌గార్డు. ఫోనులో చూస్తే అదిరిపోతుంది. కిక్కు కొడితే లేవదు. లేచినా, బ్రేకు తొక్కితే ఆగదు. అందుకని ఈ కాసేపూ కంటికి కనబడని సంగతులే ఎక్కువ చెబుతాను.

మనం ముచ్చటపడే ఆ పాత రూపాలేవీ అందం కోసం పుట్టినవి కావు. ప్రతి వంపు వెనకా ఒక అవసరం ఉంది.

లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన 1938లో ఏస్ కెఫే అని ఒక హోటలు వెలిసింది. మన హైవే దాబాల్లాగా లారీ డ్రైవర్లు ఆగి టీ తాగే చోటు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1950లలో, 60లలో అక్కడ మోటారుసైకిళ్ళ కుర్రాళ్ళు చేరేవారు. వాళ్ళకు ఒకటే పిచ్చి, గంటకు 100 మైళ్ళ వేగం అందుకోవాలి. మన లెక్కలో 160 కిలోమీటర్లు. రేసు బండి కొనే స్తోమతు లేదు. ఉన్న బండినే విప్పి, కోసి, తేలిక చేసుకునేవారు. ఎదురుగాలి తప్పించుకోవాలంటే వంగి కూర్చోవాలి, అందుకు హ్యాండిలు కిందికి దించారు. వంగినవాడి కాళ్ళు వెనక్కి పోవాలి గదా, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు. ఒక్కసారిగా స్పీడు పెంచినప్పుడు మనిషి వెనక్కి జారిపోకుండా సీటు చివర మూపురం పెట్టారు. కెఫే రేసర్ అనే రూపం అలా వచ్చింది.

ఆ రోజుల్లో నార్టన్ కంపెనీవారి ఫెదర్‌బెడ్ ఫ్రేముకు ఎదురులేదు. ఎంత వేగంలో మలుపు తిప్పినా చెప్పిన మాట వినేది. ట్రయంఫ్ వారి రెండు సిలిండర్ల ఇంజనుకు ఊపు ఎక్కువ. ఇంతలో 500 సి.సి. చిన్న రేసు కార్లవాళ్ళు ఏం చేశారంటే, నార్టన్ రేసు బండ్లు కొని, ఇంజను ఊడదీసి కారులో పెట్టుకుని, ఒట్టి ఫ్రేమును వదిలించుకునేవారు. ఆ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను కూర్చోబెడితే అది ట్రైటన్. ఏ కంపెనీ కేటలాగులోనూ లేని బండి. ఇళ్ళ వెనక షెడ్లలో, చిన్నచిన్న వర్క్‌షాపుల్లో తయారైన ఆ బండికి ఇప్పుడు పాతబండ్ల లోకంలో పెద్ద పేరు.

అమెరికాలో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు బరువైన హార్లే బండ్ల మడ్‌గార్డులు తెగ్గోసి, అక్కరలేనివన్నీ పీకేశారు. అది బాబర్. రాళ్ళలో, గుట్టల్లో తోలేవాళ్ళు సైలెన్సరుకు దెబ్బ తగలకుండా పైకెత్తి కట్టుకున్నారు. అది స్క్రాంబ్లర్. ఇంతే సంగతి.

పాత వేషం వేసిన కొత్త బండి అన్నది కూడా ఇవాళ్టి మాట కాదు. 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్' సినిమాలో ముళ్ళకంచె మీదుగా మోటారుసైకిలు ఎగిరే ఘట్టం ఉంది. కథ ప్రకారం అది యుద్ధకాలంలో జర్మన్ సైన్యం వాడిన బండి. అసలు సంగతేమిటంటే అది బ్రిటిషు ట్రయంఫ్, యుద్ధం ముగిసి చాలా ఏళ్ళయ్యాక తయారైంది. రంగు మార్చి, సామాను మార్చి, జర్మన్ బండిలా ముస్తాబు చేశారు. హీరో స్టీవ్ మెక్వీన్ బదులు ఆ దూకు దూకినవాడు ఆయన స్నేహితుడు బడ్ ఎకిన్స్, మోటారుసైకిళ్ళ షాపు నడిపిన మనిషి. అంత ఎత్తు నుంచి పడ్డా బండి తట్టుకుందంటే, వేషం కింద ఉన్నది మంచి బండి కాబట్టి.

షెడ్డు అనగానే నాకు మటుకు బర్ట్ మన్రో గుర్తొస్తాడు. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊరు ఆయనది. 1920లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఒక కొత్త మోటారుసైకిలు కొన్నాడు. కంపెనీ పేరు ఇండియన్, బండి పేరు స్కౌట్. అమెరికాలో తయారైంది, మన దేశంతో సంబంధం లేదు. అది పరిగెత్తగలిగింది గంటకు 55 మైళ్ళు. మన్రోకు అది చాల్లేదు. ఉన్న బండినే మార్చడం మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా మారుస్తూనే పోయాడు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు సొంతంగా పోత పోశాడు. కనెక్టింగ్ రాడ్లు కావాలంటే ట్రాక్టరు ఇరుసు ఉక్కును చెక్కాడు. మైక్రోమీటరు కొనే స్తోమతు లేక, పాత చక్రపు స్పోకుతో కొలతలు తీసుకున్నాడంటారు. 600 సి.సి. ఇంజనును 950 దాకా పెంచాడు.

1967 ఆగస్టులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానంలో ఆ నలభై ఏడేళ్ళ బండి మీద, అరవై ఎనిమిదేళ్ళ మన్రో గంటకు 183 మైళ్ళకు పైగా సగటు వేగం అందుకున్నాడు. వెయ్యి సి.సి. లోపు తరగతిలో అది రికార్డు. ఆనాటి లెక్కలో చిన్న తప్పు దొర్లిందని తేలితే 2014లో దాన్ని 184 మైళ్ళకు పైకి సవరించారు. ఆయన షెడ్డులో ఒక అలమర ఉండేది. దాన్నిండా పగిలిన పిస్టన్లు, వంగిన రాడ్లు, మాడిన ముక్కలు. పైన 'వేగదేవుడికి సమర్పించుకున్నవి' అని రాసి పెట్టుకున్నాడు. ఆయన జీవితం మీద 2005లో సినిమా కూడా వచ్చింది. ఆ మనిషి నాలుగు దశాబ్దాలు తంటాలు పడింది సీటు రంగు కోసం కాదని మాత్రం చెప్పగలను.

ఇక మన సంగతి. మన దగ్గర ఈ పనికి ఎక్కువమంది ఎంచుకునేది బుల్లెట్. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ వారు కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. సరిహద్దు కాపలాకు మన సైన్యానికి గట్టి బండ్లు కావలసి వచ్చిన కాలం అది. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 నాటికి మూతబడింది. మద్రాసులో మాత్రం అదే పోత ఇనుము ఇంజను చిన్నచిన్న మార్పులతో ఇంచుమించు 2010 దాకా తయారవుతూనే వచ్చింది. ఇంగ్లండువాళ్ళు మ్యూజియంలో పెట్టుకున్న యంత్రానికి మనవాళ్ళు రెండు పక్కలా పాలక్యాన్లు తగిలించుకుని ఊళ్ళు తిరిగారు. అందుచేత మనకు పాత రూపాన్ని కొత్తగా అనుకరించాల్సిన పని లేదు. అసలు సరుకే పశువుల పాక పక్కన దుమ్ముకొట్టుకుని ఉంటుంది. మైసూరులో తయారైన జావాలు, యెజ్డీలు, అలాగే రాజ్‌దూత్‌లు, ఆర్‌ఎక్స్ 100లు కూడా ఈ కోవలోవే. కానీ పాత బుల్లెట్‌కు దొరికినంత తేలిగ్గా సామాను దేనికీ దొరకదు. మన విజయవాడ ఆటోనగర్‌లో అడగండి, హైదరాబాదు రాణీగంజ్‌లో అడగండి, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనో ఉంటుంది.

ఆ బండి చప్పుడు గురించి రేడియోలో చెప్పకుండా ఎలా? పాత 350 బుల్లెట్‌లో ఒకటే సిలిండరు. పిస్టను వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 90. వెడల్పు కన్నా నడక ఎక్కువ కాబట్టి తొందర తక్కువ. లోపల తిరిగే ఫ్లైవీలు బాగా బరువు. ఆ బరువు ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఇంజనును ఆగిపోకుండా మోస్తుంది. రెండు చుట్లకు ఒక్క పేలుడు. అందుకే దెబ్బలు విడివిడిగా వినబడతాయి. సైలెన్సరు పీకేస్తేనే ఆ చప్పుడు వస్తుందనుకోవడం అమాయకత్వం. సైలెన్సరు పీకితే వచ్చేది గోల. వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, అంతే.

దాన్ని స్టార్టు చేయడం ఒక విద్య. కిక్‌రాడ్‌ను మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే ఒక చోట గట్టిగా అడ్డుతగులుతుంది. పిస్టను గాలిని కుక్కి పైకి వచ్చిందన్నమాట. అప్పుడు ఎడమచేతి దగ్గరి డీకంప్రెసర్ లివరు నొక్కి, ఆ కుక్కిన గాలిని వదిలేస్తూ, రాడ్‌ను రవ్వంత ముందుకు జరపాలి. ఆమ్మీటరు ముల్లు నడిమికి వస్తుంది. లివరు వదిలి, రాడ్‌ను పైకి రానిచ్చి, ఇప్పుడు ఒక్కటే కిక్కు. కాలి బలంతో పని లేదు. బక్కపలచని పోస్టుమాస్టరు కూడా ఒక్క కిక్కులో లేపేవాడు. తెలియనివాడు పహిల్వాను అయినా పిక్క పట్టేసుకుని కూర్చుంటాడు.

ఇంజను విప్పేముందు ఒక తేలిక పరీక్ష ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజను, పిస్టను పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఉండాలి. కుడిపక్క చిన్న మూత విప్పితే రెండు పుష్‌రాడ్లు కనబడతాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని తిప్పితే రాడ్డు తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరక్కపోతే టాపెట్లు బిగువెక్కువ, వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్ళకు కాలిపోతుంది. పైకీ కిందికీ ఆడితే కుట్టుమిషను చప్పుడు వస్తుంది. ఈ పని చేయడానికి కావలసింది రెండు పానాలూ, కొంచెం ఓపికా. వేల రూపాయల పెయింటు పని కన్నా ఈ అరగంట పనితో బండి ఎక్కువ బాగుపడుతుంది.

రూపం మారిస్తే లోపల కూడా మారుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసేసి, ఆ ఖాళీలోంచి ఆకాశం కనబడితే బాగుంటుందని చిన్న శంకువు ఆకారపు ఫిల్టరు పెడతారు. పొట్టి సైలెన్సరు బిగిస్తారు. ఇంజనులోకి గాలి ఎక్కువ పోతుంది, కార్బొరేటర్ మాత్రం పాత కొలతకే పెట్రోలు పోస్తుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. నాలుగు కిలోమీటర్లు తోలి వచ్చి ప్లగ్గు విప్పి చూడండి. ఇటుకపొడిలాంటి గోధుమరంగులో ఉంటే సరే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మెయిన్ జెట్ పెద్దది వేయాలి. మసిపట్టి నల్లగా ఉంటే ఎక్కువ. ప్లగ్గు ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

పెట్రోలు మాటొచ్చింది కాబట్టి ట్యాంకు సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు పుడుతుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బిపోయి చీలుతాయి. ముందు పైపులు మార్చండి. తుప్పుకు నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచి, గుప్పెడు నట్లు వేసి గలగలలాడించి, సోడాఉప్పు నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెడితే చాలావరకు పోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ట్యాంకుకు చిల్లుపడిందని ఇంట్లో వెల్డింగు పెట్టకండి. పెట్రోలు ఒంపేసినంత మాత్రాన ట్యాంకు ఖాళీ అయినట్టు కాదు. లోపల ఆవిరి ఉంటుంది. నిండు ట్యాంకు కన్నా ఆ ఖాళీ ట్యాంకే ప్రమాదం, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. తెలిసిన వెల్డరు దాన్ని సబ్బునీళ్ళతో పదేపదే కడిగి, ఆవిరి నిలవడానికి చోటు లేకుండా అతుకు వేసే చోటు దాకా నీళ్ళు నింపి, అప్పుడు మంట ముట్టిస్తాడు. ఆ పని ఆయనకే వదిలేయండి. అలాగే పాత బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి.

చక్రాలు నాకు ఇష్టమైన పని. బుల్లెట్ చక్రానికి 40 స్పోకులు. రిమ్ము వంకర తీయడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మీ ఊళ్ళో సైకిలు షాపు పెద్దాయన ఉంటే ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. చక్రాన్ని ఇరుసు మీద తిప్పుతూ, రిమ్ము అంచుకు ఒక సుద్దముక్క ఆనించి, గీత పడిన చోట ఎదురుపక్క స్పోకు బిగించి, ఇటుపక్కది వదులు చేస్తాడు. తర్వాత పానాతో స్పోకులను ఒక్కొక్కటిగా తడతాడు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది. వదులైంది డబ్బుమంటుంది. నలభై స్పోకులూ చెవికి ఒకే తీరుగా వినబడాలి. బోరు చేయించడం, డ్రమ్ము సాపు చేయించడం లాంటివి లేతు మిషను ఉన్నవాళ్ళ పని. అన్నీ మన చేత్తోనే చేయాలన్న పంతం వద్దు.

ఇక చట్టం. ఇది విన్నాక కొందరికి నిరుత్సాహం కలగొచ్చు, అయినా చెప్పక తప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, ఒప్పుకోని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఫ్రేము కోసి పొట్టి చేయడం, వేరే బండి ఇంజను ఎక్కించడం, మోతమోగే సైలెన్సరు బిగించడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. లండన్ కుర్రాళ్ళు ట్రైటన్ కట్టినట్టు మన రోడ్డు మీద తిరిగే బండిని కట్టడానికి వీల్లేదు. రంగు మార్చినా ఆర్.టి.ఓ.కు తెలియజేసి ఆర్.సి.లో రాయించుకోవాలి.

దీనికి తోడు 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటాలి. ఫ్రేములో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. అలాంటి బండికి నంబరులో వి.ఎ. అనే అక్షరాలతో వేరే ప్లేటు ఇస్తారు. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకు తోలడానికి కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్ళొచ్చు. పాతగా కనిపించాలని గ్రైండరు పెట్టి కోసిన బండి, నూరేళ్ళు బతికినా ఆ ప్లేటుకు నోచుకోదు.

కాబట్టి నా సలహా ఇది. పాత రూపం కావాలంటే, పాత బండిని అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి స్థితికి తీసుకురండి. అందులోనే కావలసినంత పని ఉంది. వైరింగు మొత్తం కొత్తది వేయండి, బేరింగులు మార్చండి, బ్రేకులు సరిచేయండి. సీటు తోలు, మెరుగు మీ ఇష్టం. కోత కోయకుండా నట్లు బోల్టులతో తిరిగి విప్పుకోగలిగినవే చేయండి. విప్పిన ప్రతి అసలు భాగాన్నీ పేరు రాసి డబ్బాలో దాచండి. పెయింటు అన్నిటికన్నా చివర. ముందు రంగు వేసినవాడు ఇంజను బిగించేటప్పుడు పానా జారి ఆ రంగు మీదే గీత పెట్టుకుంటాడు.

ఈ మాటలు వింటున్న వాళ్ళలో, పల్లెలో తాతగారి బుల్లెట్ ఇంకా గోడకు ఆనుకుని ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. పాతసామాను వాడికి కిలోల లెక్కన వేయకండి. ఇనప్పెట్టెలోంచో బీరువాలోంచో ముందు ఆర్.సి. వెతికి తీయండి. దానిమీది చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చెక్కినవాటితో సరిపోతున్నాయో లేదో పక్కన పెట్టి చూడండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళ వరకే చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. తాతగారు పోయి ఉంటే వారసుల పేరిట మార్పించుకోవాలి. ఆ కాగితాలు చేతికొచ్చిన తర్వాతే పానా పట్టుకోండి.